పేరమ్మ రాయి

పంతొమ్మిదో రాయిని కడిగి గోనెపట్ట మీద ఆరబెట్టి, ఇరవయ్యో రాయి కోసం బుట్టలో చెయ్యి పెట్టింది శేషమ్మ. ఆదివారం పొద్దున రాళ్ళు కడగడం ఏడేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న పనే. బావి చప్టా మీద పీట వేసుకుని, ఎడమ పక్క నీళ్ళ గుండిగ, కుడి పక్క గోనెపట్ట, ఒళ్ళో తాటిపీచు కుంచె పెట్టుకుని కూర్చునేది. ఒక్కో రాయినీ అరచేతిలో తిప్పుతూ, పగుళ్ళలో చేరిన దుమ్మును కుంచె కొసతో తీసి, మూడుసార్లు నీళ్ళు పోసి పక్కన పెట్టాలి. పోయాల్సింది ఉత్త నీళ్ళే. సబ్బు తగలకూడదు, బూడిద తగలకూడదు, చింతపండు అసలే తగలకూడదు.

చింతపండు సంగతి ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. రాళ్ళు ఇంటికి వచ్చిన కొత్తల్లో, ఇత్తడి చెంబులు తోముతున్న చేత్తోనే ఒక రాయిని కూడా చింతపండు పెట్టి తోమింది. పసుపుపచ్చ పొక్కు కట్టి గజ్జి పట్టినట్టున్న రాయి అది. తోమేసరికి గడ్డపెరుగు ముక్కలాగా తెల్లగా వచ్చింది. మొగుడు చూసి మెచ్చుకుంటాడనుకుంది. ఆ సాయంత్రం చెంచురామయ్య దాన్ని తన దీపం కింద పెట్టి చూసి, బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్నానికి లేవలేదు. వెలిగేదంతా ఆ పొక్కులోనే ఉందనీ, పులుపు తగిలితే అది ఊడి నీళ్ళలో పోతుందనీ మర్నాడు చెప్పాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఆమె చాలాసార్లు అనుకుంది.

పగటి వెలుతురులో ఆ రాళ్ళకు ఏ అందమూ లేదు. కొన్ని సున్నపు గడ్డల్లా, కొన్ని పాత బెల్లపు అచ్చుల్లా, కొన్ని రోడ్డు మీద పరిచే కంకరలా ఉంటాయి. వీధిలో వాళ్ళు వచ్చి చూసి, ఇంటికి పునాది ఏమైనా తీస్తున్నారా అని అడిగిపోయేవాళ్ళు. శేషమ్మ నవ్వి ఊరుకునేది.

చెంచురామయ్య గూడూరులో అబ్రకం షెడ్డు మేస్త్రీ. ఒక్కో అబ్రకం రేకునూ కిటికీకి అడ్డంగా పట్టి, మచ్చలెన్ని ఉన్నాయో, పొర ఎంత శుభ్రంగా ఉందో చూసి రకాలు కట్టడం ఆయన పని. పద్దెనిమిదేళ్ళుగా వెలుగులోకి చూసీ చూసీ ఆయన కళ్ళు ఎప్పుడూ సగం మూసినట్టే ఉండేవి. పొడుగాటి మనిషి, సన్నం, మాట తక్కువ. పొద్దున ఏడింటి బస్సుకు మనుబోలు నుంచి పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. చొక్కా విప్పి దులిపితే అబ్రకం పొడి మెరుస్తూ గడప దగ్గర రాలేది. శేషమ్మ దాన్ని చిమ్మేది.

యాభై ఏడులో సర్కారు వాళ్ళు అణుశక్తికి పనికొచ్చే రాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, గనుల పక్కన డేరాలు వేసుకుని ఏడాది ఉన్నారు. వాళ్ళకు దారి చూపించడానికి కంపెనీ చెంచురామయ్యను పంపింది. వెళ్ళిపోయేటప్పుడు వాళ్ళలో పెద్దాయన పాత దీపం ఒకటి ఈయన చేతిలో పెట్టిపోయాడు. కాఫీపొడి డబ్బా అంత ఇనప పెట్టె, ముందు నల్లటి అద్దం, వెనక తీగ, తీగ చివర బ్యాటరీ. మీట నొక్కితే ఊదారంగు మసక తప్ప కంటికి ఇంకేమీ ఆనదు. ఆ మసక తగిలిన రాయి మాత్రం లోపల దివ్వె పెట్టినట్టు వెలుగుతుంది. ఒకటి నారింజ తొనలాగా, ఒకటి లేతాకులాగా, ఒకటి నిప్పుకణికలాగా. దీపం ఆపితే మళ్ళీ కంకరే.

ఆ వెలుగును శేషమ్మ ఒక్కసారే చూసింది. దీపం తెచ్చిన రోజు సాయంత్రం వెలుతురు ఇంకా పోలేదు. ఆయన ఆగలేక నల్లగొంగళి ఒకటి తెచ్చి ఇద్దరి తలల మీదా కప్పాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో పగటిపూట ఆయన అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. గొంగళి వాసన, ఆయన ఊపిరి, మధ్యలో చిన్న రాయి. మీట టిక్కుమంది. రాయి పచ్చగా వెలిగింది. ఆమె ఏం అనాలా అని వెతుక్కుంటుండగానే పొయ్యి మీద పాలు పొంగిన వాసన తగిలింది. గొంగళి తోసేసి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆయన దీపం మూటగడుతున్నాడు.

"నీకు పాలే పెద్దవి లేవే," అన్నాడు నవ్వుతూ.

ఆయన మనసులో ఏమీ పెట్టుకోలేదు. కానీ మళ్ళీ పిలవలేదు. నేనూ చూస్తానని ఆమె అడగలేదు. ఈరోజు పిలుస్తాడు, రేపు పిలుస్తాడు అనుకుంటూనే ఏడేళ్ళు గడిచాయి. కూతురు పెళ్ళయి కోవూరు వెళ్ళిపోయింది. కూతురి బొమ్మల కొలువుకని శేషమ్మ పుట్టింటివాళ్ళు చేయించిన మెట్ల బల్ల సామాన్ల గదిలోకి చేరి, దాని మీద రాళ్ళు కొలువు తీరాయి. బొమ్మలు గుడ్డల్లో చుట్టుకుని పెట్టె అడుగుకు పోయాయి. ప్రతి సాయంత్రం ఆయన గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. వంటింట్లో ఉన్న ఆమెకు టిక్కుమనే మీట చప్పుడు వినపడేది.

ఒకసారి రోడ్డు పనివాళ్ళు పోసిన కుప్పలో ఎర్రచారల రాయి ఒకటి బాగుందనిపించి, కొంగులో దాచి తెచ్చి ఇచ్చింది. ఆయన దీపం పెట్టి చూసి, వెలగదని చెప్పి, తలుపుకు ఆనించడానికి పనికొస్తుందన్నాడు. ఇప్పటికీ ఆ రాయి వీధి తలుపు దగ్గరే ఉంది. రోజూ దాన్ని కాలితో జరిపే తలుపు వేస్తుంది.

మరి పేరమ్మకు ఆ కన్ను ఎక్కణ్ణుంచి వచ్చిందో శేషమ్మకు తెలియదు. పేరమ్మ సముద్రం ఒడ్డు పాలెం మనిషి. మొగుణ్ణి గాలివాన తీసుకుపోయాక గనికి వచ్చి, తవ్విన రాయి పారబోసే డంపు మీద చెత్తరాయి ఏరే పనిలో కుదిరింది. నలభై ఏళ్ళుంటాయి. ఎండకు కాలి నల్లగా నిగనిగలాడే ముఖం, పగిలిన మడమలు, మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి గానీ లేవలేని నడుము. శనివారం కూలి తీసుకుని పాలెంలో ఉన్న తల్లి దగ్గరికి పోయి, ఆదివారం తిరిగి గనికి పోతూ మనుబోలులో దిగేది. డంపులో లక్ష రాళ్ళ మధ్య, దీపం లేకుండా, ఏ రాయి వెలుగుతుందో ఉత్త కళ్ళతో చెప్పేది. నీళ్ళ రంగు చూసి చేపల గుంపు ఎక్కడుందో చెప్పే ఇంటి పిల్ల కదా అని చెంచురామయ్య మురిసిపోయేవాడు. నలభై రెండు రాళ్ళలో పదిహేడు ఆమె తెచ్చినవే.

ఆమె తెచ్చిన రాయిని అప్పటికప్పుడు చూడాలి. పట్టపగలు కదా, గొంగళి కావాలి. మొదటిసారి ఆ గొంగళి కింద రెండు తలలు కనబడ్డప్పుడు శేషమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. గొంగళి కింద నుంచి పేరమ్మ గొంతు వినిపించింది.

"మేస్త్రయ్యా, నీ పళ్ళు చూడు, దయ్యం పళ్ళు మాదిరి. పంచె కూడా మెరస్తా ఉండాదే."

చెంచురామయ్య పెద్దగా నవ్వాడు. కొత్తగా వచ్చిన సబ్బుపొడితో ఉతికితే బట్ట కూడా ఆ దీపానికి వెలుగుతుందని చెప్పాడు. ఆ పంచె ఉతికింది శేషమ్మ. అది వెలుగుతుందని ఆమెకు తెలియదు. ఆయనకు అట్లా నవ్వడం వచ్చని కూడా తెలియదు.

తప్పు ఏమీ లేదని ఆమెకు తెలుసు. గొంగళి కింద రాళ్ళు తప్ప ఇంకేమీ లేవు. పేరమ్మ గడప దాటి లోపలికి రావాలంటేనే కాళ్ళు కడుక్కుని, అక్కా అని ఒక మాట అడిగి వచ్చే మనిషి. తప్పు ఉంటే అరవవచ్చు, పుట్టింటికి పోవచ్చు. తప్పు లేని దానికి ఏం చెయ్యాలో తెలియక, పోయిన ఉగాదికి తన పాత చీర ఒకటి, ఆకుపచ్చది, ఆవపువ్వు రంగు అంచుది, పనిమనిషికి ఇచ్చినట్టు పేరమ్మ చేతిలో పడేసింది. నువ్వు పుచ్చుకునేదానివి, నేను ఇచ్చేదాన్ని అని చెప్పడం ఆమె ఉద్దేశం. పేరమ్మ కళ్ళకద్దుకుని తీసుకుంది. చీరను నాలుగు నెలలు కట్టి, అది చిరిగాక అంచు తీసి తల మీదికి చుట్టకుదురు చేసుకుంది. ఆ కుదురు మీదే రాళ్ళ తట్ట పెట్టుకుని మళ్ళీ ఈ ఇంటికే వచ్చేది.

ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. బుట్ట అడుగుకు వచ్చింది. ఈరోజు రాళ్ళకు పెద్ద రోజు. నెల్లూరులో జరగబోయే ప్రదర్శనకు కంపెనీ తరఫున వెలిగే రాళ్ళ ఫోటో పెడతారట. ఫోటో తీయడానికి నెల్లూరు నుంచి ఆనందబాబు అనే ఆయన వస్తున్నాడు. చెంచురామయ్య తలకు నూనె రాసుకుని, పెళ్ళిచూపులకు పోయేవాడిలా పొద్దున్నే బస్సు దగ్గరికి పోయాడు. పోతూ, పేరమ్మ పాలెం నుంచి చేపలు తెస్తుంది, పులుసు పెట్టమని చెప్పాడు. అందుకని చింతపండు నానేసిన సట్టి కూడా బావి చప్టా మీదే, గుండిగ పక్కనే ఉంది.

ఆఖరి రాయి మిగతావాటికంటే పెద్దది. కొబ్బరికాయ చిప్పంత ఉంటుంది. బూడిదరంగు రాయికి ఒక పక్కంతా పసుపు కలిసిన పచ్చ పొలుసులు, పాకుడు పట్టినట్టు. పోయిన ఆదివారం పేరమ్మ తెచ్చింది. ఆ రోజు గొంగళి కింద నుంచి ఇద్దరూ చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత బయటికి వచ్చిన చెంచురామయ్య ముఖం చూసి శేషమ్మకు భయం వేసింది. గుళ్ళోంచి వచ్చిన మనిషిలా ఉన్నాడు. ఆ రాయిని కొలువులో పైమెట్టు మీద, నడిమధ్య పెట్టాడు.

ప్రతి రాయి కిందా ఒక అట్టముక్క ఉంటుంది. దాని మీద గని పేరు, దొరికిన ఏడు, వెలిగే రంగు ఆయన గుండ్రటి అక్షరాలతో రాస్తాడు. ఈ పొద్దు రాళ్ళు బుట్టలోకి తీస్తుండగా పైమెట్టు మీది అట్ట చూసింది శేషమ్మ. దాని మీద గని పేరు లేదు, ఏడు లేదు. పేరమ్మ రాయి అని మాత్రం ఉంది.

తన పేరు ఆయన ఎక్కడైనా రాశాడా అని ఆమె అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉంది. పెళ్ళి శుభలేఖ మీద ఉంది గానీ అది అచ్చు. రేషను కార్డు మీద ఉంది గానీ అది గుమాస్తా రాసింది. ఇప్పుడు తన మెట్ల బల్ల మీద, తన ఇంట్లో, ఆ పేరు ఫోటోకు ఎక్కుతుంది. నెల్లూరులో జనం వరసకట్టి చదువుతారు. కోవూరు నుంచి కూతురూ అల్లుడూ వచ్చి చదువుతారు. ఎవరమ్మా ఈ పేరమ్మ అని అడుగుతారు.

రాయి ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి కుంచె కోసం పోలేదు. సట్టిలోకి పోయింది.

నానిన చింతపండు మెత్తగా చేతికి వచ్చింది. ఇత్తడి చెంబును తోమినట్టే తోమింది. తొందర లేదు, కోపం కూడా లేదు. ఇరవై ఏళ్ళ అలవాటు చేతిలో ఉంది, అదే తిప్పుకుంటూ పోయింది. పొలుసులు ముందు మెత్తబడి, తర్వాత సన్నటి పసుపునీళ్ళయి మోచేతి మీదుగా కారాయి. పగులులో కొంచెం మిగిలితే గోళ్ళతో గీకింది, ఒక చేతి గోళ్ళు అరిగితే రెండో చేతి గోళ్ళతో. మూడుసార్లు నీళ్ళు పోసింది. పిప్పి తీసి మునగచెట్టు మొదట్లో పడేసి, సట్టి కడిగి వేరే చింతపండు నానేసింది. రాయి గోనెపట్ట మీద మిగతావాటి మధ్య ఆరింది. శుభ్రంగా ఉంది. పగటి వెలుతురులో ముందుకన్నా బాగుంది.

అప్పుడు దాని ముఖాన్ని గోనెపట్ట వైపుకు తిప్పి పెట్టింది.

పదిగంటలవేళకు పేరమ్మ వచ్చింది. తల మీది తట్ట దించి, చుట్టకుదురు తీసి అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుంది. తట్టలో తాటాకుల మధ్య మూరెడు పండుగప్పలు రెండు, గుప్పెడు రొయ్యలు. ఈరోజు ఉతికిన చీర కట్టింది. తల దువ్వి ముడి వేసుకుంది. తాను కూడా ఫోటోలో పడతాననుకుందో ఏమో అని శేషమ్మకు మళ్ళీ మనసు మండింది.

ఇద్దరూ చప్టా మీద కూర్చుని చేపలు శుభ్రం చేశారు. శేషమ్మ పొలుసు గీకింది, పేరమ్మ కోసింది. సముద్రంలో గాలి మారిందనీ, అమ్మకు చూపు పూర్తిగా పోయిందనీ పేరమ్మ చెబుతూ ఉంది. శేషమ్మ ఊ కొడుతూ ఉంది. చేపముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించేటప్పుడు పేరమ్మ గొంతు తగ్గించింది.

"అక్కా, నీకు మేస్త్రయ్య చెప్పినాడా? ఆ ఫోటో చూడను ఓనరు వస్తాడంట. ఆ నడిమి రాయి ఎవురు తెచ్చింది అని అడిగితే, ఈమే అని నన్ను చూపిస్తాడంట. డంపు మీద నించి తీసి షెడ్డులో కూచోబెట్టమని అడుగుతా అన్నాడు. నీడన కూచునే పని అక్కా. ఈ నడుంతో ఇంకో ఎండాకాలం నేను ఆడ నిలబళ్ళేను."

శేషమ్మ చేతిలో చేపముక్క జారి పళ్ళెంలో పడింది. ఆయన ఈ మాట తనతో చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదో ఆమెకు తెలియదు. బహుశా ఇదే చేసేదేమో. గోనెపట్ట మీద ఆరిన రాయి వైపు చూసింది. ఊడిపోయిన దాన్ని తిరిగి అంటించే ఉపాయం లోకంలో లేదు. చెబుదామా అనుకుంది. ఆ మాట పెదవుల దాకా వచ్చి, ఈమెతోనా చెప్పుకునేది అని మళ్ళీ లోపలికే పోయింది.

"మేలేలే," అంది.

చేతులు కడుక్కునేటప్పుడు గోళ్ళ సందుల్లో పసుపు కనిపించింది. చేపలకు పట్టించిన పసుపే అనుకుంది. పేరమ్మ చేతులకు తనే నీళ్ళు పోసింది. పేరమ్మ ఇసకతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు రుద్దుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, ఇంకోసారి రుద్దుకుంది.

పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగా మగవాళ్ళు వచ్చారు. ఆనందబాబు పొట్టి మనిషి, మాటకారి. మూడు కాళ్ళ స్టాండు, నల్ల ముసుగు, పెద్ద కెమెరా పెట్టె ఇద్దరూ పంచుకుని మోసుకొచ్చారు. ఫోటో నలుపూ తెలుపే వస్తుందనీ, ఏ రాయికి ఏ రంగో రాసిస్తే తర్వాత కుంచెతో రంగులు వేస్తాననీ, పెళ్ళికూతుళ్ళ బుగ్గలకు వేసి వేసి చేతికి వచ్చేసిందనీ చెప్పాడు. చెంచురామయ్య అప్పటికే కిటికీకి గోనెలు కొట్టి ఉంచాడు. పెంకుల సందులకు పేడ మెత్తాడు. రాళ్ళు లోపలికి తెమ్మన్నాడు. మెట్ల మీద సర్దడం పేరమ్మకు అప్పజెప్పాడు, ఏ ముఖం వెలుగుతుందో ఆమెకే బాగా తెలుసని.

పైమెట్టు మీది రాయి దగ్గర పేరమ్మ చెయ్యి ఆగింది. రాయిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. గదిలో అప్పటికే వెలుతురు తక్కువ. తలుపు వెయ్యమంటూ ఆనందబాబు తొందరపెట్టాడు. ఆమె రాయిని అట్ట వెనక నిలబెట్టింది.

రాళ్ళ వెనక కట్టిన నల్లగుడ్డ ఒక పక్క మేకు ఊడి జారిపోయింది. మళ్ళీ కొట్టే తీరిక లేదు. చెంచురామయ్య తలుపు తీసి వంటింటి వైపు కేకేశాడు.

"మే శేషా, ఇట్రా. ఈ గుడ్డ కొస పట్టుకుందువుగాని."

ఏడేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు అది. శేషమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. మెట్ల పక్కన గోడకు ఆనుకుని, నల్లగుడ్డ కొసను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఆమె పక్కనే పేరమ్మ ఒదిగి నిలబడింది. తలుపు మూశారు. తలుపు మీద గొంగళి దించారు. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి.

"మూడు నిమిషాలు. ఎవురూ కదలబాకండి," అన్నాడు ఆనందబాబు ముసుగులోంచి.

మీట టిక్కుమంది.

చెంచురామయ్య దీపాన్ని హారతి తిప్పినట్టు కిందిమెట్టు నుంచి నెమ్మదిగా తిప్పుతూ వచ్చాడు. అది పోయిన చోటల్లా రాళ్ళు మేలుకున్నాయి. నారింజ, ఎరుపు, పాలనీలం, లేతాకు పచ్చ. తాను వారం వారం అరచేతుల్లో తిప్పి కడిగిన రాళ్ళు. ఇది అదేనా, ఆ పక్కది అదేనా అని శేషమ్మ ఒక్కోదాన్నీ గుర్తుపట్టబోయింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆనాడు గొంగళి కింద ఏమనాలో దొరకని మాట ఇప్పుడు దొరికినట్టే అనిపించింది. దీపం పైమెట్టుకు వచ్చింది. అక్కడ ఏమీ వెలగలేదు. పన్ను ఊడినచోటులాగా నల్లగా ఉండిపోయింది.

చెంచురామయ్య చెయ్యి ఆగింది. దీపాన్ని ఇంకా దగ్గరగా పెట్టాడు. ఆ మసక పక్కకు పాకి నల్లగుడ్డ అంచు మీద పడింది.

అక్కడ పచ్చగా వెలిగాయి, వరసగా ఎనిమిది, సన్నటి నెలవంకలు. అవేమిటో శేషమ్మకు ముందు తెలియలేదు. వేళ్ళు కదిపితే అవి కూడా కదిలాయి. అప్పుడు తెలిసింది, అవి తన గోళ్ళని.

ఆనందబాబు తల ముసుగులో ఉంది. చెంచురామయ్య రాయి మీదికి వంగి ఉన్నాడు, దాని నల్లటి ముఖం తప్ప ఆయనకు ఇంకేమీ కనిపించడం లేదు. చూసింది పేరమ్మ ఒక్కతే. పక్కన ఆమె ఊపిరి బిగబట్టడం శేషమ్మకు వినిపించింది. తర్వాత గరుకు చెయ్యి ఒకటి వచ్చి ఆమె రెండు చేతులనూ కప్పేసింది.

"ఇటియ్యి అక్కా, నే పట్టుకుంటా," అని గుసగుసగా అని, గుడ్డ కొసను తన చేతిలోకి తీసుకుంది. శేషమ్మ చేతులు కొంగులో దాచుకుంది. పేరమ్మ గోళ్ళు నల్లగానే ఉన్నాయి.

మూడు నిమిషాలయ్యాక తలుపు తీశారు. ఎండ కళ్ళలో పడింది. ఆనందబాబు చెమట తుడుచుకుంటూ, నడిమి రాయి అసలు వెలగలేదు, దానికి ఏం రంగు వెయ్యమంటారని అడిగాడు. చెంచురామయ్య రాయిని పట్టుకుని అరుగు మీదికి పోయి, ఎండలో తిప్పి తిప్పి చూశాడు. దాని నున్నటి ముఖం చూసి పేరమ్మ వైపు తిరిగాడు. ఆయన గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

"చేపలూ చింతపండూ పిసికిన చేత్తో పట్టుకున్నావు గదా."

పేరమ్మ తన అరచేతులు చూసుకుంది.

"నీళ్ళు తప్ప ఇంకేం తగలరాదని ఎన్ని తూర్లు చెప్పినా నీకు? నీ రాయి నీ చేత్తోనే చంపుకున్నావు. ఓనరుకు ఏం చూపించను ఇంక? షెడ్డు మాట నా దగ్గర ఎత్తబాక."

పేరమ్మ తల తిప్పి శేషమ్మ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే శేషమ్మ తట్టుకునేది. డంపు మీద ఎండలో వంగి, ఈ రాయిలో ఏమైనా ఉందా అని చూసే చూపు అది. ఓపిగ్గా, చాలాసేపు చూసింది. నేనే అని ఒక్క మాట చాలు. పేరమ్మ నాలుగుసార్లు చెయ్యి కడుక్కుంది, నేనే నీళ్ళు పోశాను అన్నా చాలు. శేషమ్మ కొంగులో వేళ్ళు ముడుచుకుంది. గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకున్నాయి. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది.

"అన్నం పెట్టేదా?" అంది మొగుడితో. "పులుసు చల్లారిపోతుంది."

చెంచురామయ్య రాయిని అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. ఆనందబాబు కెమెరా సర్దుకుంటున్నాడు. పేరమ్మ ఖాళీ తట్ట చంకన పెట్టుకుంది. మోకాలి మీద చెయ్యి ఆనించి మెట్టు దిగింది. ఎర్రచారల రాయి ఆనించిన తలుపు పక్కగా బయటికి నడిచి, వెనక్కి చూడకుండా ఎండలో రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

అరుగు మీద ఆమె చుట్టకుదురు ఉండిపోయింది. ఆవపువ్వు రంగు అంచు, నడుమ తల పట్టేంత గుంట, బరువులు మోసి మోసి అణిగిన మడతలు. ఆ మడతల్లో ఇరుక్కున్న అబ్రకం పొడి, ఏ దీపమూ లేకుండానే, మెరుస్తూ ఉంది.